వంతెనమ్మ వయసు

తన వయసు తను అనుకున్నదానికంటే రెండేళ్ళు ఎక్కువని తెలిసే వేళకి వంతెనమ్మ చేతుల్లో దుప్పటి రెండు మూలలున్నాయి. మిగతా రెండూ ఎదురుగా నిలబడ్డ పొడుగమ్మ చేతుల్లో ఉన్నాయి.

ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు మడవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. యంత్రంలో ఆరిన దుప్పటి వేడి వేడిగా వస్తుంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఒక్క ఊపు దులపాలి. నిలువునా సగానికి మడిచి, ఎత్తి వెలుతురుకి పట్టి చూడాలి. చిరుగో మరకో కనబడితే పక్కకి విసిరెయ్యాలి. బాగుంటే ఎదురెదురుగా నడిచి వచ్చి, ఒకరి మూలలు ఇంకొకరి చేతిలో పెట్టి, కింద వేలాడే మడతని వంగి అందుకోవాలి. ఆ వంగే పని ఎప్పుడూ వంతెనమ్మదే. "నువ్వు వంగు వదినా, నేను వంగితే మళ్ళీ లేచేసరికి డ్యూటీ అయిపోతుంది" అని పొడుగమ్మ చేరిన కొత్తలో అన్న మాట అలాగే రివాజైపోయింది. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. రోజూ అన్నిసార్లు ఎదురెదురుగా నడిచి రావాల్సిన మనుషులు ఏదో ఒక వరస కలుపుకోక తప్పదు కాబట్టి వదినా అంటే వదినా అనుకున్నారు.

వంతెనమ్మ ఆ గదికి హెడ్డు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. నది మీద వంతెన తెరిచిన రోజున పుట్టింది కాబట్టి ఊరు ఊరంతా అలా పిలిచి ఖాయం చేసింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా గబుక్కున పలకదు.

ఆ సోమవారం ఆఫీసు సూపరింటెండెంటు స్వయంగా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయనకి దుమ్ము పడదు, అందుకని ఆ వైపు రాడు. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. రెండో చేతిలో రంగుల కరపత్రం ఉంది.

"అమ్మా, మీరు వంతెన తెరిచిన రోజున పుట్టారంటారు, నిజమేనా?"

"నిజమే సార్. అందుకేగా ఈ పేరు."

"మరి ఇది చూశారా?"

మునిసిపాలిటీకి నూరేళ్ళు నిండుతున్నాయి. నూరేళ్ళు నిండడం అంటే వినడానికి అదోలా ఉంటుంది గానీ, మునిసిపాలిటీ వాళ్ళు మాత్రం ఉత్సాహంగానే ఉన్నారు. నది ఒడ్డున పార్కులో పెద్ద రాతి పలక నిలబెట్టి, దాని మీద నగర చరిత్రలోని ముఖ్యమైన తేదీలన్నీ చెక్కిస్తారట. ఆ తేదీలు ముందుగా కరపత్రంగా అచ్చేసి ఆఫీసులన్నిటికీ పంచారు. మొదటి కరెంటు దీపం, పెద్ద వరద, రైలు స్టేషను, కాలేజీ. వాటి మధ్యలో సూపరింటెండెంటు ఎర్ర సిరాతో గీత గీసిన వరస ఒకటుంది. నది మీద వంతెన ప్రారంభం, అరవై ఆరు ఫిబ్రవరి.

"మీరు ఉద్యోగంలో చేరినప్పుడు పుట్టిన తేదీ కాగితం లేదు. 'వంతెన తెరిచిన రోజున పుట్టినట్టు తల్లి చెప్పింది' అని డాక్టరు రాసి, పక్కన అరవై ఎనిమిది మే అని వేశాడు. ఇప్పుడు మునిసిపాలిటీయే అరవై ఆరు అంటోంది." ఆయన ఒక తుమ్ము తుమ్మి మళ్ళీ మొదలుపెట్టాడు. "అంటే ఈ నెలలో మీకు అరవై నిండాయి. నెలాఖరుకి రిటైరవ్వాలి."

వంతెనమ్మ దుప్పటి మూలలు వదల్లేదు.

"నాకేం సరదా కాదమ్మా. వచ్చే వారం ఆడిట్ వాళ్ళొస్తున్నారు. ఈ కరపత్రం వాళ్ళ బల్ల మీదా ఉంటుంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాడని రాశారంటే నా మెడకి చుట్టుకుంటుంది. శుక్రవారం దాకా ఆగుతాను. ఈలోపు మీ దగ్గర ఏదన్నా ఆధారం ఉంటే చూపించండి."

"ఇది మీకెవరు చెప్పారు సార్?"

"ఎవరో చెప్పార్లెండి," అని ఆయన ఇంకో తుమ్ము వచ్చేలోగా వెళ్ళిపోయాడు.

పొడుగమ్మ తన కొస పైకెత్తింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచారు. మూలలు చేతులు మారాయి. వంతెనమ్మ అలవాటుగా వంగి మడత అందుకుంది.

*

ఇంట్లో ఆమె భర్త మొదట నవ్వాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి, యాభై ఎనిమిదికే నిరుడు రిటైరైనవాడు. ఇప్పటికీ కుర్చీలో కూర్చుంటే కుడికాలు ఉండుండి నేలని నొక్కుతుంటుంది.

"అయితే నువ్వు నాకంటే ఏడాది పెద్దదానివన్నమాట! ఇన్నాళ్ళూ నన్ను ఏమండీ అన్నావే. ఇకనుంచి నేనే నిన్ను ఏమండీ అనాలా?"

"వేళాకోళానికి వేళా పాళా ఉండాలి. నెలాఖరుకి పొమ్మంటున్నారు."

"పోతే పోయింది. హాయిగా ఇంట్లో కూర్చో. ఎన్నాళ్ళు మోస్తావు ఆ గుడ్డలు?"

"ఏ ఇంట్లో కూర్చోను?" అందామె.

అప్పుడు ఆయన నవ్వు ఆగిపోయింది. వాళ్ళుంటున్నది ఆసుపత్రి ఆవరణలో వెనకవైపు క్వార్టరు. ఉద్యోగం ఉన్నంతకాలమే ఇల్లు. చిన్న కూతురు అక్కడే నర్సింగు చదువుతోంది, ఇంకా ఏడాదిన్నర చదువుంది. రెండడుగుల్లో కాలేజీ. నైట్ డ్యూటీ ఉన్నా గేటు దాటి పోనక్కర్లేదు. రెండేళ్ళు గడిస్తే పిల్ల చేతికొస్తుంది, అప్పుడు ఎటు వెళ్ళినా ఫరవాలేదని మొగుడూ పెళ్ళాం ఎప్పుడో లెక్కవేసుకున్నారు. ఆ లెక్క మీదే అరలు కొట్టించారు, వరండాకి రేకులు వేయించారు.

ఆయన లేచి ఆ అరల వైపు ఓసారి చూసి, మళ్ళీ కూర్చున్నాడు. కుడికాలు నేలని గట్టిగా నొక్కింది.

"ఇది సూపరింటెండెంటుకి ఎవరు చెప్పుంటారు? ఆయన ఈ ఊరివాడు కూడా కాదుగా. నువ్వు వంతెన రోజున పుట్టావని ఆయనకేం తెలుసు?"

వంతెనమ్మ అన్నం వడ్డిస్తూ ఆగింది. శనివారం సాయంత్రం పొడుగమ్మ ఆఫీసు గదిలోంచి బయటికి రావడం ఆమెకి గుర్తొచ్చింది. కిటికీ తెరలు ఉతకడానికి తెచ్చానని చెప్పింది. చేతిలో తెరలున్న మాట నిజమే. పెదవుల మీద ఏదో నవ్వు కూడా ఉంది.

హెడ్డు దిగిపోతే ఆ కుర్చీ ఎవరిదో లెక్కవెయ్యడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఆ పూట వంతెనమ్మకి ముద్ద దిగలేదు.

*

ఆ తేదీలన్నీ ఏరి కూర్చింది చరిత్ర మాస్టారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై చాలాకాలమైంది. మంగళవారం డ్యూటీ దిగగానే వంతెనమ్మ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. రెండో అంతస్తు. గదిలో కుర్చీల నిండా పుస్తకాలే కాబట్టి ఆయన నేలమీద కూర్చున్నాడు. ఆమె వచ్చిందని ఒక కుర్చీ ఖాళీ చెయ్యబోయి, ఆ పుస్తకాలు ఎక్కడ పెట్టాలో తోచక మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆమె కూడా నేలమీదే కూర్చుంది.

విషయం అంతా విని ఆయన గడ్డం గోక్కున్నాడు.

"తేదీ తప్పేమో మాస్టారూ. ఒక్కసారి సరిచూడండి."

"తప్పు కాదమ్మా. వంతెన మొదట్లో గోడకి రాయి ఉంది, చూశారా? ముళ్ళకంప పట్టిపోయింది. నేను కంప కొట్టించి, రాయి కడిగించి, వేలితో ఒక్కో అక్షరం తడిమి చదివాను. రిబ్బను కత్తిరించిన ఫోటో కూడా ఉంది నా దగ్గర." ఆయన గొంతులో గర్వం వద్దన్నా పలికింది. "అరవై ఆరు ఫిబ్రవరి. అందులో సందేహం లేదు."

"అందరూ అరవై ఎనిమిది అంటారు కదా."

"అందరూ అనేదాన్ని సరిదిద్దడానికేగా నాలాంటివాడు ఉండేది." అనేశాక ఆయనకి ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనబడింది. "నా వల్ల ఒకరి ఉద్యోగానికి ఎసరొస్తుందని కలలో కూడా అనుకోలేదు. చరిత్ర వల్ల బతికున్నవాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదనే కదమ్మా నేను ఈ పనిలోకి దిగింది."

ఆయన లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఎందుకో చెప్పకుండానే శుక్రవారం సూపరింటెండెంటు తనని కూడా రమ్మన్నాడని, వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పక తప్పదని నెమ్మదిగా చెప్పాడు. ఆయన మంచివాడు. మంచివాడు కాకపోతే కాసేపు తిట్టుకునైనా తేలికపడేది.

మెట్లు దిగుతుంటే వంతెనమ్మ మోకాళ్ళు పట్టేశాయి. ఆదివారం దాకా అవి యాభై ఏడేళ్ళ మోకాళ్ళు. ఇప్పుడు అరవై అని వాటికీ కబురందినట్టుంది. కంటి కింద నలుపు, చెవి దగ్గర తెల్ల వెంట్రుకలు, మొన్న తాళంచెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోవడం, అన్నీ ఆ రెండేళ్ళ ఖాతాలోకే వచ్చి చేరాయి. ఏమో, నిజంగానే పెద్దదాన్నేమో అనుకుంది. అలా అనుకోగానే ఏడుపొచ్చింది.

*

తల్లి నది అవతలి ఒడ్డున అన్నయ్య దగ్గర ఉంటుంది. బుధవారం వంతెనమ్మ సగం పూట సెలవు పెట్టి వెళ్ళింది. ముసలావిడ మంచం మీద కూర్చుని కోడలికి బఠాణీలు ఒలిచిపెడుతోంది. చూపు కొంచెం మందగించింది గానీ చేతి వేళ్ళకి ఆ సంగతి ఇంకా తెలియదు.

"అమ్మా, నేను పుట్టింది ఏ సంవత్సరం?"

"వంతెన తెరిచిన రోజు."

"సంవత్సరం అడుగుతున్నా."

"సంవత్సరం ఎవరు చూశారే? నొప్పులు చూసుకున్నాను గానీ." ఆవిడ ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "మీ అన్నయ్యప్పుడు పడవ కోసం ఒడ్డున కూర్చుని కూర్చుని, అది రాక, వెనక్కి ఇంటికొస్తే ఇంట్లోనే పడ్డాడు. చచ్చి బతికాను. రెండో కానుపుకి ఆసుపత్రికే తీసుకెళ్తానని మీ నాన్న ఒట్టేశాడు. సరిగ్గా ఆ పొద్దునే వంతెన తెరిచారు. జనం, జనం! బండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. మన బండివాడు దిగి, కానుపు మనిషి, తప్పుకోండని అరిస్తే అందరూ దారిచ్చారు. ఆ వంతెన మీద బండి ఒక్క కుదుపు లేకుండా పోయిందే. అక్కడిదాకా గతుకులకి ప్రాణం పోతుందనుకున్నా, వంతెన ఎక్కగానే లేచొచ్చింది. నువ్వు కూడా అదే అదనని చూసుకున్నట్టున్నావు, ఆసుపత్రి గుమ్మంలోకి వెళ్ళీ వెళ్ళకముందే వచ్చేశావు."

ఈ కథ వంతెనమ్మ చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఎన్నిసార్లు విన్నా గిన్నెలో గింజలు పడినంత తేలిగ్గా చెబుతుంది తల్లి. ఇందులో సంవత్సరం మాత్రం ఎక్కడా లేదు.

"రిబ్బను కత్తిరించారా అమ్మా? పెద్దవాళ్ళెవరైనా వచ్చారా?"

"ఏమో, నాకెందుకు? బండిలో వెల్లకిలా పడుకుని ఉన్నా, నాకు ఆకాశం తప్ప ఏం కనబడింది?"

అన్నయ్య గుమ్మంలోనే నిలబడి విన్నాడు. చెల్లెలిని వీధి చివరదాకా సాగనంపుతూ, "అమ్మ మాట కాగితం కాదు కదే. ఒకవేళ ఖాళీ చెయ్యాల్సి వస్తే మేడమీద గది మీకిచ్చేస్తాం. మీ వదిన కూడా అదే అంది," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. వంతెనమ్మకి మాత్రం అప్పుడే ఇల్లు ఖాళీ అయిపోయినట్టు వినబడింది. సరేనని తలూపి, వంతెన మీదుగా నడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

*

గురువారం బట్టల గదిలో మాటల్లేవు. యంత్రం చప్పుడు ఒక్కటే. మామూలుగా పొడుగమ్మ నోరు ఆ యంత్రంతో పోటీపడేది. డాక్టర్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా ఎవరినీ వదిలేది కాదు. ఆ రోజు కళ్ళెత్తి చూడలేదు. దుప్పటి తీసుకోవడం, దులపడం, నడవడం. ఆ చెయ్యి ఈ చెయ్యి తగులుతోంది, మళ్ళీ విడిపోతోంది.

కోపం మనిషిలో ఉంటే మాటల్లో రాకపోయినా చేతుల్లోకి వస్తుంది. దులిపే ఊపు పెరిగింది. ఒకామె తన వైపు లాగితే రెండో ఆమె తన వైపు లాగింది. పిల్లల వార్డు దుప్పటి ఒకటి, ఉతికి ఉతికి నడుమ పల్చబడి ఉన్నది, ఇద్దరి మధ్యా చర్రున చిరిగి రెండు ముక్కలైంది. ఎవరి ముక్క వాళ్ళ చేతిలో మిగిలింది.

"నువ్వే కదా చెప్పింది?" అంది వంతెనమ్మ.

పొడుగమ్మ తన చేతిలోని ముక్కని చూసింది.

"శనివారం ఆఫీసు గదిలో నీకేం పని?"

"తెరలు..." అని ఆగిపోయింది పొడుగమ్మ.

"కుర్చీ కావాలంటే నన్ను అడగాల్సింది. ఇల్లు పోయేది నాకే వదినా. చదువుకునే పిల్ల ఉంది ఇంట్లో."

పొడుగమ్మ ముఖం ఎర్రబడింది. చిరిగిన ముక్కలు రెండూ తీసుకుని గబగబా కుట్టు మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. పల్చబడ్డ నడుము కత్తిరించి, గట్టిగా ఉన్న అంచులు రెండూ మధ్యకి తెచ్చి కలిపి కుడితే ఆ దుప్పటి ఇంకో ఏడాది వస్తుంది. ఆమె తల ఎత్తకుండా మిషను తొక్కుతూనే ఉంది. మిగిలిన దుప్పట్లు వంతెనమ్మ ఒక్కతే బల్ల మీద పరిచి, ఒక కొస గడ్డం కింద ఇరికించుకుని మడిచింది. ఒక్కటీ సరిగ్గా రాలేదు.

*

శుక్రవారం సూపరింటెండెంటు గదిలో చరిత్ర మాస్టారు ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రాతి ఫోటో, రిబ్బను ఫోటో. వంతెనమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె చేతిలో ఏమీ లేదు.

పొడుగమ్మ కిటికీ దగ్గర ఉతికిన తెరలు తగిలిస్తోంది. ఆమెకి స్టూలు అక్కర్లేదు. చేతులెత్తితే కడ్డీ అందుతుంది. ఆమెని చూడగానే వంతెనమ్మ ముఖం గంటు పెట్టుకుంది. ఇది కూడా చూసి ఆనందించడానికి వచ్చిందా అనుకుంది.

"మాస్టారూ, తేదీ ఖాయమేనా?" అన్నాడు సూపరింటెండెంటు.

"రాయి ఉంది. ఫోటో ఉంది. ఖాయమే." మాస్టారు ఆ మాట నేల చూస్తూ అన్నాడు. "నాకు బాధగానే ఉంది. కానీ ఖాయమే."

"అమ్మా, మీరేమన్నా తెచ్చారా?"

"లేదు సార్. మా అమ్మ చెప్పిన మాట తప్ప ఏమీ లేదు."

సూపరింటెండెంటు పెన్ను మూత తీశాడు. ఆయన ముఖం కూడా ఏమంత బాగాలేదు. అప్పుడు కిటికీ దగ్గర్నుంచి, ఇటు తిరక్కుండానే, పొడుగమ్మ గొంతు వినిపించింది.

"ఏ వంతెన సంగతండీ మాట్లాడుతున్నారు? సగం వంతెనా, మొత్తం వంతెనా?"

ముగ్గురూ అటు చూశారు.

"సగం వంతెనేంటి?" అన్నాడు సూపరింటెండెంటు.

"మాది అవతలి ఒడ్డు. మా నాన్నకి ఎడంకాలు పొట్టి. ఎందుకు పొట్టి అని మేం చిన్నప్పుడు అడిగితే, వంతెన తెరిచారు గానీ దిగే దారి మరిచిపోయారు అనేవాడు." ఆమె ఇంకో కొక్కెం కడ్డీకి తగిలించింది. "రిబ్బను ఇవతలి ఒడ్డున కత్తిరించారు. పెద్దాయన చివరిదాకా నడిచి, కిందికి చూసి, వెనక్కొచ్చి టీ తాగి వెళ్ళిపోయాడట. అవతల వంతెన గాల్లో ఆగిపోయింది. మట్టి పొయ్యలేదు, ఏటవాలు కట్టలేదు. ఇంటి కప్పంత ఎత్తు. జనమే నిచ్చెన వేసుకున్నారు. ఆ నిచ్చెన మీంచే మా నాన్న మూటతో సహా పడ్డాడు. కావాలంటే మాస్టార్ని అడగండి, ఆయన ఎక్కే ఉంటారు."

చరిత్ర మాస్టారు నోరు తెరిచాడు.

"నిచ్చెన," అన్నాడు. "అవును, నిచ్చెన! వెదురుది. మూడో మెట్టు విరిగిపోయి ఉండేది. నేను బళ్ళో చదివే రోజుల్లో మా స్నేహితులం పందెం కట్టి ఎక్కేవాళ్ళం. మా అమ్మ చేత తన్నులు కూడా తిన్నాను." ఆయన ఒళ్ళో ఫోటోలు జారి కిందపడ్డాయి. "ఎక్కిన నిచ్చెన మరిచిపోయి, రాయి చదువుకుని వచ్చానే! ఏం మనిషిని నేను!"

"ఎంతకాలం ఉంది ఆ నిచ్చెన?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఆగండి, ఆగండి. నా హైస్కూలు పరీక్షలైన వేసవిలో మట్టి పోసి దారి కలిపారు. మా నాన్న నన్ను బండిలో ఎక్కించుకుని మొదటిసారి అవతలికి తీసుకెళ్ళాడు. అంటే అరవై ఎనిమిది. మే నెల."

రెండు రోజుల క్రితం బఠాణీల మధ్య విన్న మాట వంతెనమ్మకి ఇప్పుడు పూర్తిగా వినబడింది.

"సార్," అందామె. "మా అమ్మ నన్ను కనడానికి అవతలి ఒడ్డునుంచి బండిలో వచ్చింది. కుదుపు లేకుండా వచ్చానంది. బండ్లు వరసగా నిలబడ్డాయంది."

"అయితే?"

"బండి నిచ్చెన ఎక్కదు కదండీ."

సూపరింటెండెంటు నవ్వాడు. ఆ ఆసుపత్రిలో ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, దగ్గులోంచి తుమ్మొచ్చి, చేతిరుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "నిజమేనమ్మా. ఎక్కదు. ఏ ఆడిట్ వాడొచ్చినా ఎక్కదు."

చరిత్ర మాస్టారు అక్కడే కాగితం అడిగి తీసుకుని, కమిటీ తరఫున ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాడు. పార్కులో రాయి ఇంకా చెక్కలేదు కాబట్టి, దాని మీద వంతెనకి రెండు తేదీలూ వేయిస్తానన్నాడు. రిబ్బను తెగిన రోజు ఒకటి, మనుషులూ బండ్లూ అవతలికి చేరిన రోజు ఒకటి. పిల్లవాడిలా ఉత్సాహపడిపోయి, పొడుగమ్మ తండ్రి పడింది ఏ నెలలోనో తెలుసుకోవాలని ఆమె వెంటపడబోయాడు. ఆమె అప్పటికే ఆఖరి కొక్కెం తగిలించి వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటు పెన్ను మూత పెట్టేశాడు. "మీ తేదీ మీదే అమ్మా. ఎప్పుడున్నది అప్పుడే. వెళ్ళి పని చూసుకోండి." తర్వాత కాస్త గొంతు తగ్గించి, "నాకు రెండు రోజులుగా తిండి సయించలేదు," అన్నాడు.

*

వంతెనమ్మ వరండాలో స్తంభం పట్టుకుని కాసేపు నిలబడింది. నవ్వో ఏడుపో తెలియనిదేదో వచ్చి పోయింది. మోకాళ్ళ నొప్పి జాడ లేదు. ఇంటికి పరిగెత్తి చెబుదామనుకుంది గానీ కాళ్ళు బట్టల గది వైపే నడిచాయి.

పొడుగమ్మ వేడి దుప్పట్ల తొట్టి ముందు నిలబడి ఉంది. వీపు ఇటు పెట్టింది.

"చెప్పింది నేనే," అంది.

వంతెనమ్మ గుమ్మంలోనే ఆగింది.

"శనివారం తెరల కోసం వెళ్తే ఆయన బల్ల మీద ఆ కరపత్రం ఉంది. మా హెడ్డు వయసు ఇందులో ఉంది చూడండి సార్ అన్నాను. నవ్వుతాలుకే అన్నాను. మొత్తం నవ్వుతాలుకే అని ఒట్టు మాత్రం వెయ్యలేను." ఆమె ఇటు తిరిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నాకు లెక్క తెలీదా వదినా? నువ్వు దిగే నెలకి ముందు నెలే నేను దిగిపోతా. నువ్వుంటే ఆ కుర్చీ నాకు ఎప్పటికీ రాదు. అందుకని ఆయన నిజంగానే పట్టుకుని వచ్చేసరికి, అబద్ధం ఎందుకు, సంతోషమేసింది. మూడు రోజులు సంతోషంగానే ఉన్నా. ఈ గదిలో ఏది ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నా."

"మరి నిచ్చెన సంగతి ఎందుకు చెప్పావు?"

"నిన్న నువ్వు ఒక్కదానివే గడ్డం కింద ఇరికించుకుని మడుస్తుంటే చూడలేకపోయా. ఒక్కటీ మడత సరిగ్గా రాలేదు, ఎంత అసహ్యంగా ఉన్నాయో." ఆమె ముక్కు ఎగబీల్చింది. "రేపొద్దున నేను హెడ్డునై, ఎదురుగా ఎవరో కొత్త మనిషి. దానికి మూల పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాలి. ఆ ఓపిక నాకెక్కడిది?"

వంతెనమ్మకి కోపం వచ్చింది. వారం రోజుల కోపం, తినని అన్నం, అన్నయ్య మేడ మీది గది, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. చెడామడా తిట్టేద్దామని నోరు తెరిచింది. ఎదురుగా అంత పొడుగు మనిషి అంత చిన్నగా అయిపోయి నిలబడి ఉంటే తిట్టు బయటికి రాలేదు. ఇల్లు నిలిచింది. పిల్ల చదువు నిలిచింది. అవి నిలబెట్టిన నోరు, కూలదోయబోయిన నోరు ఒకటే అయితే ఇక దేన్ని తిట్టాలి? ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. పెద్ద ఊపిరి ఒకటి బయటికొచ్చింది.

"ఏది ఎక్కడ పెట్టాలనుకున్నావు?" అని అడిగింది.

"అబ్బే, ఏదో..."

"చెప్పు."

"నీ బల్ల ఆ మూల ఎందుకు వదినా, వెలుతురుండదు. కిటికీ కిందికి లాగిద్దామనుకున్నా. కుర్చీ ఇటు తిప్పితే తొట్టి కూడా కనబడుతుంది."

వంతెనమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి ఒక కొస పట్టుకుంది. "ఆ కొస పట్టు."

"ఎందుకు?"

"పట్టమంటే పట్టు. నేనొక్కదాన్నే మొయ్యలేను."

పాతకాలపు చెక్క, ఇనుములా ఉంది. ఇద్దరూ ఎత్తి, దింపి, మళ్ళీ ఎత్తి, రొప్పుతూ కిటికీ కిందికి చేర్చారు. పొడుగమ్మ వెళ్ళి కుర్చీ తెచ్చింది. తెచ్చి, దాని వీపు పట్టుకుని నిలబడింది.

"కూర్చో. ఎలా ఉందో చూడు," అంది వంతెనమ్మ.

పొడుగమ్మ కూర్చుంది. ముందు అంచు మీద, తర్వాత పూర్తిగా. ఆమె మోకాళ్ళు బల్ల అడుగుకి తగిలాయి. ఒక దిండు గలేబు తీసి వెలుతురుకి పట్టి, అవునన్నట్టు తలూపింది.

"సోమ, బుధ, శుక్రవారాలు నేను కూర్చుంటా," అంది వంతెనమ్మ. "మంగళ, గురు నువ్వు. ఎవరన్నా అడిగితే నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పు."

పొడుగమ్మ గలేబు మడిచి బల్ల మీద పెట్టింది.

"మరి శనివారం?"

"శనివారం ఎవరు ముందొస్తే వాళ్ళది."

ఇద్దరూ తొట్టి దగ్గరికి వెళ్ళి చెరో రెండు మూలలూ అందుకున్నారు. దుప్పటి దులుపుతుండగా, రేపే శనివారమని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.